బెయిలొచ్చినా బయటికి రాని ఏడాది

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్త ఒకటుంది. ఫలానా వ్యక్తిపై పీడీ (ముందస్తు నిర్బంధ) యాక్టు ప్రయోగించారు, కమిషనర్ జారీ చేసిన ఉత్తర్వులను ఇన్‌స్పెక్టర్ కేంద్ర కారాగారంలో జైలర్ సమక్షంలో అతనికి అందజేశారు. నాలుగు వాక్యాలు, పక్కన పాస్‌పోర్టు సైజు ఫొటో. ఇంకో దొంగ లోపలికి పోయాడని చదివినవాళ్లు నిశ్చింతగా పేజీ తిప్పేస్తారు. ఉత్తర్వులను జైల్లోనే ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో మాత్రం ఆ వార్తలో ఉండదు. చాలాసార్లు ఆ మనిషికి అప్పటికే కేసులన్నిటిలో బెయిలు వచ్చి ఉంటుంది, లేదా రేపోమాపో వచ్చేలా ఉంటుంది. కోర్టు వదిలేసిన మనిషిని గేటు దాటనీయకుండా ఆపడానికే ఆ కాగితం.

నేను హన్మకొండలో క్రిమినల్ కేసులు చూసే వకీలును. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పేరుమోసిన రౌడీలు తక్కువ. సెంట్రింగ్ పనివాళ్లు, ఆటో నడిపేవాళ్లు, గుడుంబా కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు, బండ్ల దొంగతనాల్లో దొరికినవాళ్లు ఎక్కువ. వీళ్లంతా అమాయకులని నేననను. చేసినవాళ్లూ ఉంటారు, చేయనివాళ్లూ ఉంటారు. ఎవరు ఏ లెక్కలోకి వస్తారో తేల్చడానికే కోర్టులున్నాయి. పీడీ యాక్టు ఆ తేల్చే పనినే పక్కనపెట్టి, శిక్ష మాత్రం ముందే వేస్తుంది.

ఇది 1986 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం. సారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరగాళ్లు, గూండాలు, వ్యభిచార ముఠాలు, భూకబ్జాదారుల కోసమని తెచ్చారు. తెలంగాణ ఏర్పడ్డాక నకిలీ విత్తనాలు, ఎరువులు, ఆహార కల్తీ, దొంగ పత్రాలు, జూదం, లైంగిక నేరాలు, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు కూడా చేర్చి జాబితాను చాంతాడంత చేశారు. వీటిలో ప్రతిదానికీ విడిగా శిక్షాస్మృతిలోనో ఇంకో చట్టంలోనో శిక్ష ఉంది. అయినా పీడీ యాక్టు కావాలి. ఎందుకంటే మామూలు చట్టంలో పోలీసులు నేరం రుజువు చేయాలి, దీనిలో చేయనక్కర్లేదు.

మామూలు కేసులో మనిషిని అరెస్టు చేస్తే 60 రోజుల్లోనో, నేరాన్నిబట్టి 90 రోజుల్లోనో చార్జిషీటు వేయాలి. వేయకపోతే బెయిలు అతని హక్కు. పీడీ యాక్టులో చార్జిషీటే లేదు, సాక్షుల్లేరు, విచారణ లేదు. కమిషనరో కలెక్టరో సంతకం పెడతారు. 5 రోజుల్లోగా కారణాలు రాసివ్వాలి. 12 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించాలి. 3 వారాల్లోగా సలహా మండలికి పంపాలి, 7 వారాల్లోగా మండలి తన అభిప్రాయం చెప్పాలి. మండలి సరేనంటే 12 నెలల దాకా లోపలే. గడువులన్నీ పద్ధతిగా ఉన్నట్టు కనిపిస్తాయి. వీటిలో ఒక్క మెట్టు మీద కూడా ఆ మనిషి నేరం చేశాడా లేదా అని తేల్చేవాళ్లు లేరు.

ఒక కుటుంబం సంగతి చెప్తాను, పేర్లు వద్దు. అతను మేస్త్రీ దగ్గర సెంట్రింగ్ పనికి పోయే కుర్రాడు. మీద మూడు బైకు దొంగతనం కేసులు. మూడింటిలోనూ మేజిస్ట్రేటు బెయిలిచ్చారు. జమానతుకు మనుషులు దొరకడమే పెద్ద గండం. ఇంటి పన్ను రశీదు ఉన్నవాడు రాడు, వచ్చేవాడికి రశీదు ఉండదు. అతని భార్య బంధువుల కాళ్లావేళ్లా పడి, సంఘంలో అప్పు తీసుకుని, ఇద్దరిద్దరు చొప్పున షూరిటీలను కోర్టుకు తెచ్చింది. విడుదల కాగితం జైలుకు చేరిన సాయంత్రం ఉతికిన ప్యాంటు, చొక్కా సంచిలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు, ఇతను మాత్రం రాలేదు. చీకటి పడ్డాక కానిస్టేబుల్ ఒకాయన బయటికొచ్చి, లోపల పీడీ ఇచ్చారమ్మా, ఇక ఇంటికి పో అని చెప్పాడట.

గేటు దగ్గరి నుంచే నాకు ఫోన్ చేసింది. "మేడం, బెయిలు అయ్యిందంటిరి గదా. మళ్ల ఏం కేసు పెట్టిండ్రు?"

కొత్త కేసేమీ లేదన్నాను. "కేసే లేకుంటె ఎట్ల ఆపుతరు?" అంది. చట్టం చదవనివాళ్లకు తట్టే ప్రశ్న అది. చదివినవాళ్లం అలవాటుపడి అడగడం మానేశాం.

తర్వాత కారణాల పుస్తకం చేతికొచ్చింది. ఎఫ్‌ఐఆర్లు, పంచనామాలు, రిమాండు రిపోర్టులు, వాటి తెలుగు అనువాదాలు కలిపి పెద్ద కట్ట. కొన్ని జిరాక్సుల్లో అక్షరాలు మసక. పేజీలన్నీ తిరగేస్తే ఉన్నవి ఆ మూడు కేసులే, ఏ కేసుల్లో కోర్టు బెయిలిచ్చిందో అవే. బయటికొస్తే మళ్లీ నేరాలు చేస్తాడు కాబట్టి నిర్బంధించాలని చివర ముక్తాయింపు. ఒక న్యాయాధికారి ఇరుపక్షాలూ విని ఇచ్చిన ఉత్తర్వును ఒక పోలీసు అధికారి ఏ పక్షమూ వినకుండా పనికిరాకుండా చేయడమంటే ఇదే.

ఆ కుర్రాడిని హైదరాబాద్ జైల్లో ఉంచారు. వరంగల్‌కు 1886 నుంచి సొంత సెంట్రల్ జైలు ఉండేది. ఆసుపత్రి కట్టడానికని 2021లో దాన్ని పడగొట్టారు. ఆసుపత్రి రావడం మంచిదే. కానీ ఒకప్పుడు ఆటోలో వెళ్లి ములాఖత్ చేసుకొచ్చిన ఆడవాళ్లు ఇప్పుడు తెల్లారక ముందే కాజీపేటలో రైలెక్కాలి. ఆధార్ కార్డు చూపించి, వరుసలో నిలబడి, జాలీకి అవతల మనిషిని కాసేపు చూసి, సాయంత్రం బండికి తిరిగి రావాలి. ఆ రోజు కూలి పోతుంది, పైన చార్జీలు.

ఆమె ఏనుమాముల మార్కెట్ వైపు మిర్చి తొడిమలు తీసే పనికి పోయేది. అతను లోపలికి పోయాక అదొక్కటే ఆదాయం. ఒకసారి నా ఆఫీసుకు వచ్చినప్పుడు చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. రోజంతా మిర్చి తీస్తే రాత్రంతా మంట, ఎన్నిసార్లు కడిగినా పోదు. "బిడ్డకు అన్నం తినిపిద్దామంటె చేతులు భయమైతయి మేడం, చెంచతోని పెడ్తున్న" అంది. సంఘం అప్పు కిస్తీ తప్పితే తక్కిన సభ్యులందరికీ ఇబ్బంది, అందుకని వాళ్లు వాకిట్లో వచ్చి కూర్చునేవారు. పేపర్లో ఫొటో చూసిన ఇంటి ఓనరు, ఆడపిల్లలున్న ఇల్లు, మీరు ఇంకోచోట చూసుకోండన్నాడు. అంగన్‌వాడీకి పోయే బిడ్డకు మాత్రం నాన్న దుబాయ్ పోయాడని చెప్పారు. మా వైపు ఆ మాట అందరూ నమ్ముతారు. ప్రతి వాడలో దుబాయ్ పోయిన నాన్న ఒకరుంటారు కదా.

సలహా మండలి ముందు వకీలుకు చోటు లేదు. రాజ్యాంగం 22వ అధికరణమే ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి వకీలు హక్కును తీసేసింది. మండలి ముందు వకీలు కావాలని అడిగే హక్కు లేదని, ప్రభుత్వం తరఫున వకీలో అధికారో వాదిస్తే మాత్రం ఇతనికీ ఆ అవకాశం ఇవ్వాలని ఏకే రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పదో తరగతి కూడా దాటని మనిషి మాజీ న్యాయమూర్తుల ముందు ఒంటరిగా నిలబడి, తన మీదున్న అంత పెద్ద కట్టకు తానే జవాబు చెప్పుకోవాలి. అక్కడ ఏం చెప్పావని తర్వాత అతన్ని అడిగాను. "పెద్దసార్లు కూసున్నరు మేడం. ఏమన్న చెప్పుకుంటవా అన్నరు. ఇగ జన్మల చెయ్య సార్ అన్న" అన్నాడు.

దీనిలో ఉన్న ప్రమాదం అతనికి తెలియదు. ఒక్క కేసూ రుజువు కాలేదు. ఇక చెయ్యనంటే ఇంతకుముందు చేశానని ఒప్పుకున్నట్టే. పక్కన వకీలుంటే ఆ ముక్క అననిచ్చేవాడు కాదు. మండలి ఉత్తర్వును సమర్థించింది.

మిగిలింది హైకోర్టు. హెబియస్ కార్పస్ రిట్ ఆమె పేరునే వేశాం. తెలంగాణ పీడీ కేసుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు తీసి చూడండి, పిటిషనర్లలో ఆడవాళ్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. భర్త కోసం భార్య, కొడుకు కోసం తల్లి. శిక్షలో సగం మోసేది ఎవరో ఆ పేర్లే చెబుతాయి. మా రిట్ ప్రభుత్వ కౌంటరు కోసం వాయిదాలు పడుతూ పోయింది. చివరికి ఎనిమిదో నెలలో హైకోర్టు నిర్బంధ ఉత్తర్వును కొట్టేసింది. మూడు దొంగతనాలు శాంతిభద్రతల సమస్య కావచ్చుగానీ సమాజజీవనాన్నే కుదిపేసేంతటివి కావని, మామూలు చట్టం సరిపోతుందని తీర్పు సారం. రామ్ మనోహర్ లోహియా కేసులో సుప్రీంకోర్టు 1965లోనే గీసిన గీత అది. ఆ గీత మొదటి రోజున కనపడి ఉంటే ఎనిమిది నెలలు పోయేవి కావు.

అతను బయటికొచ్చేసరికి మేస్త్రీ ముఠాలో ఇంకొకరు చేరారు. కొత్త కిరాయి గది ఊరి చివర. దుబాయ్ నుంచి నాకేం తెచ్చావని బిడ్డ అడిగిందట. ఆ మూడు కేసుల్లో అప్పటికి ఒక్క సాక్షినైనా విచారించలేదు. తర్వాత రెండు కేసుల్లో నేరం రుజువు కాలేదు, మూడోది నడుస్తూనే ఉంది. ఆ ఎనిమిది నెలలకు జవాబుదారీ ఎవరని అడిగితే ఎవరూ లేరు. సంతకం పెట్టిన అధికారికి సంజాయిషీ నోటీసు కూడా రాలేదు. నిర్బంధం వార్త వేసిన పేపర్లలో కొట్టివేత వార్త రాలేదు.

ఇది ఒక్క కుర్రాడి గ్రహచారమైతే ఇంత రాయను. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తెలంగాణ పీడీ ఉత్తర్వు ఒకటి కొట్టేస్తూ ఒక లెక్క చెప్పింది. ఐదేళ్లలో ఈ చట్టం కింద ఇచ్చిన ఐదుకు పైగా ఉత్తర్వులను తాను కొట్టేశానని, ఒక్క ఏడాదిలోనే తెలంగాణ హైకోర్టు కనీసం పదింటిని రద్దు చేసిందని, అసాధారణ అధికారాన్ని నిర్లక్ష్యంగా వాడుతున్నారనడానికి ఇదే నిదర్శనమని తప్పుపట్టింది. ఆ జూన్‌లో గొలుసు దొంగతనాల కేసులో, బెయిలు నచ్చకపోతే దాన్ని రద్దు చేయమని కోర్టుకు వెళ్లాలిగానీ ఇదేం పద్ధతని అడిగింది. 2023 సెప్టెంబరులో మరింత ఘాటుగా, తెలంగాణలో ఇదొక హానికరమైన ధోరణిగా మారిందంది. 2024 మార్చిలో, సలహా మండళ్లు రబ్బరు స్టాంపుల్లా ఉండకూడదని చెప్పింది. ఒకే రాష్ట్రాన్ని, ఒకే చట్టం మీద, దేశ అత్యున్నత న్యాయస్థానం ఇన్నిసార్లు మందలించాల్సి వచ్చింది. అయినా మందలింపు ఎవరి జీతంలోంచీ పైసా కోయలేదు.

కోర్టులు కూడా అన్నిసార్లూ ఒకే దారిలో నడవలేదు. ఈ చట్టం కింద ఒకేసారి ఏడాదికి ఉత్తర్వివ్వడం కుదరదు, 3 నెలలకోసారి సమీక్షించాలని 2014లో సుప్రీంకోర్టు ఉమ్మడి రాష్ట్రం కేసులోనే చెప్పింది. మాలాంటివాళ్లకు అదొక ఆసరా. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ కేసులో విస్తృత ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. 3 నెలల పరిమితి అధికారం అప్పగించడానికే తప్ప నిర్బంధానికి కాదంది. ఇప్పుడు ఒక్క సంతకం, ఒక్క మండలి సమావేశం దాటితే ఏడాది ఖాయం.

పోలీసుల వాదనను కొట్టిపారేయలేను. తెల్లవారుజామున ముగ్గేస్తుంటే మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయిన ఆడమనిషి నెలల తరబడి వాకిట్లోకి రావడానికి భయపడుతుంది. పట్టుకున్నవాడు నెల తిరక్కుండా బెయిలు మీద వచ్చి అదే వీధిలో తిరుగుతుంటే కడుపు మండుతుంది. నిజమే. కానీ పీడీ యాక్టు ఆ తాడు తిరిగి ఇవ్వదు, నేరాన్ని రుజువూ చేయదు. ఏడాది తర్వాత అతను నిర్దోషిగానూ కాదు, దోషిగానూ కాదు, అలాగే బయటికొస్తాడు. ఈలోగా ఎస్కార్టు లేదని వాయిదాలు పడి అసలు కేసు ఇంకా వెనక్కి పోతుంది, సాక్షులు మరిచిపోతారు. ఆమెకు కావలసింది కేసు ఆరునెలల్లో తేలి, చేసినవాడికి శిక్ష పడటం. ఆ శ్రమ తప్పించుకునే అడ్డదారి పీడీ యాక్టు. పుండు ఒకచోట, మందు ఇంకోచోట.

విచారణ లేని జైలు జబ్బు ఇంతకంటే విస్తారమైనదే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలు. వాళ్లలో 11 వేలకు పైగా మంది ఐదేళ్లు దాటి లోపలున్నవాళ్లు. మా వరంగల్ కవి వరవరరావు 2018లో అరెస్టయితే, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాలతో బెయిలిచ్చేనాటికి ఆ భీమా కోరేగావ్ కేసులో అభియోగాలు కూడా ఖరారు కాలేదు. అదే కేసులో స్టాన్ స్వామి 84 ఏళ్ల వయసులో, 2021 జులై 5న నిర్బంధంలోనే కన్నుమూశారు. గోదావరికి అవతల సుక్మా జిల్లా బుర్కాపాల్‌లో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయిన దాడి కేసులో 121 మంది ఆదివాసీలు ఐదేళ్లు జైల్లో ఉండి 2022 జులైలో నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్లకు కనీసం చివర ఒక తీర్పు వచ్చింది. పీడీ యాక్టు కింద ఉన్నవాడికి నిర్దోషి అనిపించుకునే అవకాశమే లేదు, ఎందుకంటే అక్కడ దోషమే మోపలేదు.

దీన్ని సరిచేయాలని పార్లమెంటు ఎప్పుడో అనుకుంది. ఎమర్జెన్సీలో మీసా నిర్బంధాల చేదు రుచి చూసిన నాయకులే 1978లో 44వ రాజ్యాంగ సవరణ చేశారు. మండలి అభిప్రాయం లేకుండా నిర్బంధించే గడువును 3 నెలల నుంచి 2 నెలలకు తగ్గించారు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు మీదే మండలి వేయాలని, పదవిలో ఉన్న న్యాయమూర్తే దానికి అధ్యక్షత వహించాలని రాశారు. ఆ సెక్షన్ అమల్లోకి వచ్చే తేదీని నోటిఫై చేయడం ఒక్కటే మిగిలింది. నాటి నుంచి ఎన్ని పార్టీలు ఢిల్లీలో గద్దెనెక్కి దిగాయో చూడండి. ఒక్కరూ ఆ తేదీ వేయలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు నిర్బంధాల మీద గొంతు చించుకున్నవాళ్లు అధికారంలోకి రాగానే అదే కలం చేతిలోకి తీసుకున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే.

కొట్టేసిన ఉత్తర్వుకు పరిహారం అడిగితే నవ్వుతారుగానీ అది కొత్త మాట కాదు. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో మగ్గిన బీహార్ ఖైదీకి 1983లో సుప్రీంకోర్టు ప్రభుత్వంతో పరిహారం ఇప్పించింది. మక్కా మసీదు పేలుళ్ల తర్వాత అక్రమంగా పట్టుకెళ్లిన హైదరాబాద్ యువకులకు అప్పటి ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని మాత్రం 2013లో హైకోర్టు రద్దు చేసింది. పాలకుల దయ మీద కాకుండా చట్టంలోనే హక్కుగా రాయాలనడానికి ఇదే కారణం.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుతున్నాను. ఒక కేసులో కోర్టు బెయిలిచ్చాక అదే కేసును చూపి నిర్బంధించకూడదు, అభ్యంతరముంటే బెయిలు రద్దుకు పిటిషన్ వేయాలి. సలహా మండలి ముందు వకీలును అనుమతించాలి. రాజ్యాంగం హక్కు ఇవ్వలేదుగానీ, ఇవ్వొద్దని ప్రభుత్వం చేతులు కట్టలేదు. హెబియస్ కార్పస్ రిట్‌లకు హైకోర్టు గడువు పెట్టుకోవాలి, నెలలో తేలని స్వేచ్ఛ వ్యాజ్యానికి అర్థం లేదు. ఉత్తర్వు కొట్టేసిన ప్రతిసారీ లోపలున్న రోజులకు లెక్కగట్టి కుటుంబానికి పరిహారం చెల్లించాలి, సంతకం చేసిన అధికారి సర్వీసు రికార్డులో ఆ తీర్పును నమోదు చేయాలి.

వీటిలో చాలా వాటికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. పీడీ యాక్టు మన శాసనసభ చేసిన చట్టం, దాని జాబితాను పెంచుకుంటూ పోయిందీ మన శాసనసభే. తగ్గించడానికీ, అవసరమైతే రద్దు చేయడానికీ హైదరాబాద్‌లో, అమరావతిలో ఉన్న సభ్యులకు పూర్తి అధికారముంది. మీ ఎమ్మెల్యే ఈసారి మీ వాడకు వచ్చినప్పుడు, రోడ్డు గురించి అడిగాక, ఇది కూడా అడగండి.